మెట్టచేలలో పాడి పశువులకు మిశ్రమ పచ్చిక: విత్తనాల ఎంపికపై తరచుగా అడిగే ప్రశ్నలు

ఉదయగిరి, వింజమూరు మొదలుకొని దర్శి దాకా ఉన్న మెట్ట ఊళ్లలో పాడి మీద బతికే రైతులు, కోస్తా వైపు మాగాణి రైతులు కొందరు, పచ్చిక విత్తనాల విషయంలో పదే పదే అడిగే ప్రశ్నలను ఇక్కడ ఒకచోట చేర్చాను. నాకున్న నాలుగెకరాల ఎర్రనేలలో చేసిన పొరపాట్లు కూడా కొన్ని సమాధానాల్లో కనిపిస్తాయి.

మిశ్రమ పచ్చిక అంటే ఏమిటి? బోరు కింద నేపియర్ గడ్డి మడి ఉండగా దాని అవసరం ఏమిటి?

ఒకే చేలో గడ్డిజాతి మొక్కలను, పప్పుజాతి మొక్కలను, వీలైతే లోతుగా వేరు దించే ఆకు మొక్కలను కలిపి విత్తి, మూడు నాలుగేళ్లు పశువులను అందులోనే మేపి, ఆ తరువాత దున్ని మళ్లీ పంట వేసుకోవడమే మిశ్రమ పచ్చిక. చేను అలసిందని పెద్దవాళ్లు రెండేళ్లు బీడు పెట్టేవారు. వారు దానంతట అది మొలిచిన గడ్డిని మేపుకున్నారు, మనం మొలవవలసిన దాన్ని ఎంచి చల్లుతున్నాం, తేడా అంతే.

నేపియర్ మడిని తీసివేయమని ఎవరూ చెప్పరు. అయితే దానికి వారం పది రోజులకొకసారి తడి కావాలి, కోయడానికి మనిషి కావాలి, కోసినదాన్ని కొట్టం దాకా మోయాలి, ముక్కలు కొట్టాలి. పచ్చికలో ఆ పనులన్నీ పశువే చేసుకుంటుంది, పేడ, మూత్రం చేలోనే పడతాయి, పప్పుజాతి వేర్లు గాలిలోని నత్రజనిని నేలకు పట్టి ఇస్తాయి. మాంసకృత్తుల లెక్క చూసినా తేడా ఉంది: ఎండబెట్టి తూచిన లెక్కన వరిగడ్డిలో 3 నుంచి 4 శాతం, ముదరని గడ్డిజాతి మేతలో 7 నుంచి 10 శాతం, స్టైలో వంటి పప్పుజాతి మేతలో 12 నుంచి 18 శాతం దాకా మాంసకృత్తులు ఉంటాయి. మొత్తం భూమి ఎకరం లోపే ఉన్నవారికి మాత్రం పచ్చిక కంటే కోసి వేసే మేతే మేలని నా అభిప్రాయం.

చల్లని దేశాల్లో చికోరీ, ప్లాంటైన్, తెల్ల క్లోవర్, రై గడ్డి కలిపిన విత్తన మిశ్రమాలు అమ్ముతారు. వాటినే తెప్పించి చల్లవచ్చా?

చల్లవద్దు. ఆ మిశ్రమాల వెనుక ఉన్న ఆలోచన మంచిదే. పైపైన వేరు పోయే గడ్డికి తోడుగా లోతుకు వేరు దించే చికోరీని పెడితే వాన లేని వారాల్లో కూడా మేత పచ్చగా ఉంటుందని, అడుగు నుంచి ఖనిజాలు ఆకులోకి చేరతాయని అక్కడి రైతులు గ్రహించారు. అయితే ఆ మొక్కలు చల్లని వాతావరణంలో పెరిగేవి. మే నెలలో 40 డిగ్రీలు దాటే మన ఎండకు రై గడ్డి, తెల్ల క్లోవర్ నిలవవు. చికోరీని మనవాళ్లు కాసిని అంటారు. కాఫీ పొడిలో కలిపే చికోరీ దీని వేరు నుంచి వచ్చేదే. గుజరాత్‌లో దీన్ని పంటగా పండిస్తారు. మన దగ్గర నీటి వసతి ఉంటే నవంబరు నుంచి ఫిబ్రవరి వరకు ఒక చిన్న మడిలో వేసి చూడవచ్చు కానీ, వానాధారపు చేలో దాని మీద డబ్బు పెట్టడం వృథా. ప్లాంటైన్ అన్నది మనం వాడే ఇసబ్‌గోలుకు దగ్గరి చుట్టం, దానికీ ఇదే మాట వర్తిస్తుంది.

కాబట్టి అక్కడి నుంచి తెచ్చుకోవలసినది ఆలోచనను మాత్రమే. గడ్డికి అంజన్, తీగకు శంఖపుష్పం, లోతు వేరుకు స్టైలో, పొదలా పెరిగే పప్పుజాతి మేత హెడ్జ్ లూసర్న్ మనకు ఉన్నాయి. ఇక్కడొక ముచ్చట చెప్పాలి. మన ఒంగోలు జాతి పశువు బ్రెజిల్ వెళ్లి, నెల్లూరు పేరు మీదుగా నెలోర్ అని పిలిపించుకుంటూ, అక్కడ విత్తిన బ్రాకియేరియా గడ్డి పచ్చికల్లో మందలు మందలుగా మేస్తున్నది. దక్షిణ అమెరికా, కరీబియన్ ప్రాంతాల మొక్క అయిన స్టైలో మాత్రం మన మెట్టకు వచ్చి స్థిరపడింది. పశువును పంపి మేతను తెచ్చుకున్నట్టయింది.

నా నేలకు ఏ రకాలు సరిపోతాయో ఎలా నిర్ణయించుకోవాలి?

మొదట నేలను, తరువాత నీటిని, ఆ తరువాతే విత్తనాన్ని చూడాలి. చాలామంది ఈ వరుసను తలకిందులు చేస్తారు.

వానాధారపు ఎర్రనేలలకు, రాళ్లు, గులక ఎక్కువగా ఉన్న చేలకు అంజన్ గడ్డి, స్టైలో జంటను మించినది నాకు కనిపించలేదు. అంజన్ దుబ్బు కట్టి ఎండాకాలంలో పైన చచ్చినట్టు కనిపించినా, ఒక మంచి వాన పడితే వారంలో చిగురు వేస్తుంది. స్టైలోలో మనకు ముఖ్యంగా రెండు జాతులు దొరుకుతాయి. హమాటా రకం నేలబారుగా పరచుకొని, తొందరగా గింజ రాల్చి, ఆ గింజతోనే మరుసటి ఏడు మొలుస్తుంది. స్కాబ్రా రకం పొదలా నిలిచి, వేరు లోతుకు దించి, వర్షాలు వెనకబడినా తట్టుకుంటుంది. రెండూ కలిపి చల్లడం మంచిది. చేను చుట్టూ గట్ల మీద అవిశ, సుబాబుల్ పెట్టుకుంటే వేసవిలో కొమ్మలు కొట్టి వేయడానికి పనికొస్తాయి.

ఒంగోలు చుట్టుపక్కల నల్లరేగడి వేరే సంగతి. వానాకాలంలో నీళ్లు నిలిచి, ఎండాకాలంలో పగుళ్లు తీసే ఆ నేలలో స్టైలో ముఖం వేలాడేస్తుంది. అక్కడ పప్పుజాతిగా శంఖపుష్పాన్ని నమ్ముకోవాలి. ఇంటి ముందు నీలిపూలకు పెంచుకొనే తీగే చేలో వేస్తే పశువు ఇష్టంగా తినే మేత అవుతుంది. దానికి తోడుగా గడ్డిజాతిలో దీనానాథ్ లేదా అంజన్, పొదగా హెడ్జ్ లూసర్న్ వేసుకోవచ్చు. దీనానాథ్ ఒక ఏడు మాత్రమే బతికే గడ్డి అని, గింజ రాలనిస్తేనే తిరిగి మొలుస్తుందని గుర్తుంచుకోవాలి.

సముద్రం వైపు చౌడు తగిలే నేలల్లో రోడ్స్ గడ్డి ఉప్పును బాగా ఓర్చుకుంటుంది. కాలువ గట్లు, చెరువు కింద ఎప్పుడూ తడిగా ఉండే చోట పారా గడ్డి ఒక్కటే నిలుస్తుంది, అక్కడ మిశ్రమం గురించి శ్రమపడనవసరం లేదు.

ఎన్ని రకాలు కలిపితే మంచిది? పది పన్నెండు రకాల మిశ్రమం మేలంటున్నారు.

మెట్టలో నాలుగైదు రకాలు చాలు. రకాలు పెరిగే కొద్దీ ఒక్కో రకానికి పడే గింజ తగ్గి, మొలిచిన కొద్దిపాటి మొక్కను పక్కనున్న బలమైన గడ్డి మింగేస్తుంది. రెండో ఏడు చేలోకి వెళ్లి చూస్తే పన్నెండులో మూడే మిగిలి ఉంటాయి. మిగతా తొమ్మిదింటి ఖరీదు నేలపాలు. ఒక గడ్డి తొందరగా ఎదిగేది, ఒకటి నిలకడగా ఉండేది, ఒక పప్పుజాతి నేలబారుది, ఒకటి తీగ లేదా పొద అన్నట్టు, ఒక్కో రకానికి ఒక్కో పని అప్పజెప్పి ఎంచుకోవాలి.

చెంచలి, గలిజేరు వంటి ఆకు మొక్కలకు విత్తనం కొననవసరమే లేదు. రెండు వానలు పడితే అవే వస్తాయి, పశువులు వాటిని ఏరుకొని తింటాయి. కలుపు అని పీకించకుండా వదిలేస్తే చాలు.

ఎకరాకు ఎంత విత్తనం పడుతుంది?

వానాధారపు ఎర్రనేలలో నేను వాడే పాళ్లు ఇవి: అంజన్ ఒకటిన్నర కిలో, స్టైలో హమాటా ఒకటిన్నర కిలో, స్కాబ్రా అర కిలో, శంఖపుష్పం రెండు కిలోలు. మొదటి ఏడు త్వరగా నేలను కప్పడానికి వీటితో పాటు రెండు కిలోల అలసంద చల్లుతాను. అది పచ్చిక కుదురుకొనేలోపు ఒక మేత ఇచ్చి తప్పుకుంటుంది. అలసందను ఇంతకంటే పెంచితే దాని నీడలో స్టైలో పిలకలు పాలిపోయి చస్తాయి. మొలక శాతం తక్కువగా ఉన్న విత్తనమైతే ఆ మేరకు పాళ్లు పెంచాలి.

బోరు నీళ్లు ఉంటే మిశ్రమం మారుతుందా?

పూర్తిగా మారుతుంది. నీళ్లున్న చోట అంజన్ బదులు గినీ గడ్డి వేసుకోవాలి. దాన్ని విత్తనం కంటే పిలకలతో నాటుకోవడమే నమ్మకం. రెండు వరుసల గినీకి రెండు వరుసల హెడ్జ్ లూసర్న్ చొప్పున వేస్తే పశువు రెండూ కలిపి మేస్తుంది, ఒకటి రెండోదాన్ని అణచదు. గినీ గడ్డి నీడను బాగా ఓర్చుకుంటుంది కాబట్టి పొదలకూరు వైపు నిమ్మతోటల్లో, మామిడి, కొబ్బరి తోటల్లో చెట్ల మధ్య నాటుకోవచ్చు. అయితే తోటకు పురుగుమందు కొట్టిన తరువాత, డబ్బా మీద రాసిన గడువు తీరేవరకు పాడి పశువును లోపలికి వదలకూడదు. మేతలోని మందు పాలలోకి వస్తుంది.

హెడ్జ్ లూసర్న్ కాక, అసలైన లూసర్న్ అనే వేరే పప్పుజాతి మేత కూడా వేయవచ్చు కదా అని అడుగుతారు. నల్లరేగడిలో నీరు బాగా ఇంకిపోయే చోట శీతాకాలంలో అది బాగానే వస్తుంది. కానీ దాన్ని కోసి వేయడమే మంచిది, మేపడానికి వదిలితే వచ్చే ఇబ్బందిని కింద ఉబ్బరం గురించిన సమాధానంలో చెప్పాను.

మాది మాగాణి. వరి కోసిన తరువాత ఖాళీగా ఉండే రెండు నెలలకు ఏదైనా వేయవచ్చా?

పిల్లిపెసర. కోతకు నాలుగైదు రోజుల ముందు, మడిలో పదును ఉండగానే ఎకరాకు పది కిలోల చొప్పున వరి నిలిచి ఉండగా చల్లితే, మిగిలిన తేమతోనే పెరుగుతుంది. మేపిన కొద్దీ మళ్లీ చిగురిస్తుంది, ఆఖరున దున్నితే ఎడగారు వరికి పచ్చిరొట్ట అవుతుంది. యంత్రంతో కోయించే చేలలో చక్రాల కింద మొలక నలిగిపోతున్నది కాబట్టి అక్కడ కోత అయిన రోజే, తేమ ఆరకముందే చల్లుకోవడం మంచిది. జనుమును కూడా మేతకు వేస్తారు. పూతకు రాకముందే మేపేయాలి, గింజ పట్టిన జనుము పశువుకు మంచిది కాదు.

దీన్ని మిశ్రమ పచ్చిక అనలేం కానీ, మాగాణిలో మూడేళ్ల పచ్చిక కోసం వరిని వదులుకొమ్మని నేను చెప్పలేను.

విత్తనం కొనేటప్పుడు ఏమి చూడాలి?

ఈ విషయంలో నేను నష్టపోయాను కాబట్టి కాస్త వివరంగా చెబుతాను. ఒక ఏడు రంగురంగుల సంచిలో వచ్చిన పలు రకాల గింజలు కలిపిన పచ్చిక మిశ్రమాన్ని అడిగిన ధర ఇచ్చి కొన్నాను. ఇంటికి వచ్చి తెల్ల పంచె మీద పోసి చూస్తే మూడో వంతు పొట్టు, సన్న ఇసుక, ఎండిన కాడముక్కలు. మిగిలిన గింజల్లో వంద ఏరి మొలక కట్టి చూస్తే పందొమ్మిది మొలిచాయి. అమ్మినవారిని అడిగితే మీ నేలలో లోపం ఉందన్నారు. మొలక కట్టింది గోనెసంచిలో, నేలలో కాదని చెప్పినా వినలేదు.

అప్పటి నుంచి రకాలను విడివిడిగా కొని నేనే కలుపుకుంటున్నాను. కలిపి అమ్మే సంచిలో ఏ గింజ ఎంత ఉందో తేల్చడం కష్టం, విడిగా కొన్నప్పుడు ఒక్కోదాన్నీ పరీక్షించవచ్చు. సంచి మీద మొలక శాతం, శుద్ధత శాతం, పరీక్షించిన తేదీ ఉండాలి. శుద్ధతను, మొలక శాతాన్ని గుణించి వందతో భాగిస్తే అసలు పనికొచ్చే విత్తనం ఎంతో తెలుస్తుంది: 80 శాతం శుద్ధత, 50 శాతం మొలక ఉన్న పది కిలోల సంచిలో మనకు దక్కేది నాలుగు కిలోలే. సంచి ధరను ఆ నాలుగు కిలోలతో భాగించి చూసుకుంటే చవక సరుకు ఖరీదైనదని అర్థమవుతుంది.

ఇంట్లో పరీక్ష సులువు. నూరు గింజలను తడిపిన గోనెపట్ట మీద పది వరుసల్లో పేర్చి, చుట్ట చుట్టి, నీడలో ఉంచి, రోజూ కాస్త నీళ్లు చిలకరిస్తూ పది పన్నెండు రోజుల తరువాత విప్పి లెక్కపెట్టాలి. అంజన్ గింజ విషయంలో ఒక జాగ్రత్త అవసరం: కొత్తగా ఏరిన గింజ నిద్రావస్థలో ఉంటుంది, ఆరు నెలలైనా పాతబడితేనే బాగా మొలుస్తుంది. పోయిన ఏటి గింజ అని వెనక్కి ఇవ్వవద్దు, అదే మంచిది.

విత్తనం ఎక్కడ దొరుకుతుందో తెలుసుకోవాలంటే మండలంలోని పశువైద్యశాలలో, దర్శి, నెల్లూరు కృషి విజ్ఞాన కేంద్రాల్లో ముందు అడగండి. పచ్చిక రకాల మీద దేశంలో ప్రత్యేకంగా పనిచేసే పరిశోధన సంస్థ ఝాన్సీలో 1962 నుంచి ఉంది; అక్కడి రకాల పేర్లు తెలుసుకొని అడిగితే దుకాణదారు కూడా జాగ్రత్తగా మాట్లాడతాడు.

స్టైలో చల్లితే పదింట ఒకటి కూడా మొలవలేదు. విత్తనం చెడ్డదా?

చాలాసార్లు విత్తనం మంచిదే, పై తొక్క గట్టిదై నీటిని లోపలికి పోనివ్వదు. స్టైలో, హెడ్జ్ లూసర్న్, సుబాబుల్ గింజలను 80 డిగ్రీల వేడినీళ్లలో నాలుగైదు నిమిషాలు ఉంచి, ఆ నీళ్లు వంపి, రాత్రంతా చన్నీళ్లలో నానబెట్టాలి. ఉష్ణమాపకం లేదని దిగులుపడనవసరం లేదు: తెర్లుతున్న నీళ్లు మూడు చెంబులకు మామూలు నీళ్లు ఒక చెంబు కలిపితే దాదాపు ఆ వేడికే వస్తుంది. పొయ్యి మీద పెట్టి గింజను ఉడికించిన వారిని కూడా చూశాను, అలా చేస్తే మొలక రాదు.

తెల్లవారి గింజను నీడలో ఆరబెట్టి, పలుచని బెల్లం పాకంలో రైజోబియం (పప్పుజాతి వేర్లలో చేరి నత్రజనిని పట్టే సూక్ష్మజీవి) పొడి కలిపి పట్టించాలి. ఎకరం విత్తనానికి 200 గ్రాముల పొట్లం సరిపోతుంది. దీన్ని పట్టించిన గింజను ఎండలో ఉంచకూడదు, రసాయన ఎరువుతో కలపకూడదు.

ఎప్పుడు చల్లాలి? ఎలా చల్లాలి?

నెల్లూరు జిల్లాలో ఏడాది వానలో ఎక్కువ భాగం అక్టోబరు నుంచి డిసెంబరు లోపల, ఈశాన్య రుతుపవనాల్లోనే పడుతుంది. ఆ వానకు ముందు నేలను సిద్ధం చేసి, సెప్టెంబరులో పడే జల్లులకు విత్తి, వాయుగుండాలు మొదలయ్యే నాటికి మొక్క నాలుగు ఆకులతో వేరు పట్టి ఉండేలా చూసుకోవాలి. నేను ఒకసారి ఆలస్యం చేసి అక్టోబరు మూడో వారంలో చల్లాను. మూడో రోజు రాత్రి కుండపోత కురిసింది. పది రోజుల తరువాత చూస్తే చేనంతా బోసిగా ఉంది, పల్లపు గట్టు వెంట మాత్రం గీత గీసినట్టు జానెడు వెడల్పున స్టైలో ఒత్తుగా మొలిచింది. ప్రకాశం పడమటి మెట్టలో నైరుతి వానలు కొంత ఆసరా ఇస్తాయి కాబట్టి జులై, ఆగస్టు నెలల్లో కూడా విత్తవచ్చు.

నేలను రెండుసార్లు దున్ని, గుంటక తోలి మెత్తగా చేయాలి. గింజ చాలా సన్నది, సెంటీమీటరు లోతు దాటితే పైకి రాలేదు. అంజన్ గింజకు నూగు ఉండి ఒకదానికొకటి చిక్కుకుంటుంది కాబట్టి చేతితో విసిరితే ముద్దలుగా పడుతుంది. తడి ఇసుకలోనో జల్లించిన పశువుల ఎరువులోనో నలిపి కలిపితే విడిపోతుంది. విత్తనాన్ని రెండు భాగాలు చేసి, సగం తూర్పు పడమరలుగా, సగం ఉత్తర దక్షిణాలుగా నడుస్తూ చల్లి, పైన తుమ్మ మండను ఈడిస్తే సరిపోతుంది. గొర్రుతో ఎదబెట్టవద్దు.

ఎరువులు వేయాలా?

దుక్కిలో ఎకరాకు మూడు బస్తాల సింగిల్ సూపర్ ఫాస్ఫేట్ వేయాలి. పప్పుజాతి వేరుకు భాస్వరం కావాలి, సూపర్‌లో గంధకం, సున్నం కూడా దొరుకుతాయి. యూరియా వేయవద్దు. యూరియా పడిన చేలో గడ్డి రెచ్చిపోయి స్టైలోను కప్పేస్తుంది, పైగా నత్రజని మనకు ఉచితంగా ఇవ్వడానికే కదా స్టైలోను పెట్టుకున్నది.

మొదటిసారి పశువులను ఎప్పుడు వదలాలి? ఎకరాలో ఎన్ని మేస్తాయి?

మొదటి ఏడు తొందరపడకూడదు. మొక్కను గుప్పిట పట్టి లాగితే ఆకు తెగాలి గానీ వేరు ఊడి రాకూడదు, అప్పుడే నేల పట్టినట్టు. సెప్టెంబరులో విత్తిన చేలో జనవరి ప్రాంతంలో ఒకసారి తేలికగా మేపి, ఆ తరువాత స్టైలో గింజ రాలేవరకు వదిలేయాలి. ఆ రాలిన గింజే మూడేళ్ల పచ్చికకు పెట్టుబడి.

ఎన్ని పశువులు అన్నదానికి ఎవరో చెప్పిన అంకె కంటే కొలత మేలు. మీటరు పొడవు, మీటరు వెడల్పు ఉండే కర్ర చట్రం ఒకటి కట్టి, చేలో ఐదారు చోట్ల కళ్లు మూసుకొని వేసి, చట్రంలో ఉన్న మేతను జానెడు మోడు వదిలి కోసి తూచాలి. సగటున ఒక కిలో వచ్చిందనుకుందాం. ఎకరమంటే 4,047 చదరపు మీటర్లు కాబట్టి చేలో ఇంచుమించు నాలుగు టన్నుల పచ్చిమేత ఉన్నట్టు. అందులో సగం తొక్కిడికి, తిరిగి చిగురించడానికి వదిలేస్తే మనకు మిగిలేది రెండు టన్నులు. రోజుకు 30 కిలోల పచ్చిమేత తినే ఆవు లెక్కన అది 66 రోజుల మేత, అంటే మూడు ఆవులకు 22 రోజులు. ఈ లెక్క చేతిలో ఉంటే చేను బోడి అయ్యేదాకా మేపే తప్పు జరగదు.

చేనును కనీసం నాలుగు పాళ్లుగా చేసి, ఒక పాయలో వారం మేపి, మూడు నాలుగు వారాలు విశ్రాంతి ఇవ్వాలి. వానలు లేని రోజుల్లో ఈ విశ్రాంతి ఇంకా పెరగాలి. మోకాలెత్తు వచ్చినప్పుడు వదిలి, జానెడు మిగిలి ఉండగా బయటికి తోలాలి. ఎండ తీవ్రంగా ఉండే నెలల్లో సంకరజాతి జెర్సీ ఆవులను ఉదయం తొమ్మిది లోపల, సాయంత్రం నాలుగు తరువాత మాత్రమే మేపాలి. ఒంగోలు ఆవుకు ఆ ఇబ్బంది తక్కువ.

పప్పుజాతి మేత తింటే కడుపు ఉబ్బుతుందంటారు. నిజమేనా?

నిజమే, కానీ అన్ని పప్పుజాతులూ ఒకటి కావు. లేత లూసర్న్, లేత అలసందలను ఆకలి మీద, మంచు తడితో గబగబా మేసినప్పుడు పొట్టలో నురగ కట్టి వాయువు బయటికి పోలేక ఎడమ డొక్క డోలులా బిగుసుకుంటుంది. స్టైలోతో ఈ బెడద దాదాపు లేదు. అందుకే మేపే చేలో స్టైలోను, కోసి వేసే మడిలో లూసర్న్‌ను పెట్టుకొమ్మంటాను.

పచ్చికలో పప్పుజాతి వాటా మూడో వంతుకు మించకుండా చూసుకోవాలి. కొత్త పచ్చికలోకి తోలే ముందు రెండు గుప్పెళ్లు కాదు, కడుపు సగం నిండేంత వరిగడ్డి వేయాలి, మొదటి రోజు అరగంట, మరునాడు గంట చొప్పున అలవాటు చేయాలి, మంచు ఆరిన తరువాతే వదలాలి. ఇంత చేసినా ఉబ్బరం వస్తే పశువైద్యునికి కబురు పెట్టి, ఆయన వచ్చేలోపు పెద్ద పశువుకు పావు లీటరు నుంచి అర లీటరు వంటనూనెను, తల మరీ పైకెత్తకుండా, నాలుక పట్టి లాగకుండా, కొద్దికొద్దిగా తాగించవచ్చు. నూనె ఊపిరితిత్తుల్లోకి పోతే ఉబ్బరం కంటే పెద్ద ప్రమాదం. ముందుకాళ్లు మిట్ట మీద ఉండేలా పశువును నిలబెట్టాలి.

మిశ్రమంలో జొన్న కలపవచ్చా? సుబాబుల్ సంగతేమిటి?

మేపే చేలో జొన్న వద్దు. యాభై రోజుల లోపు లేత జొన్నలో, బెట్టకు వాడిన జొన్నలో, కోసిన తరువాత వచ్చే పిలకలో సైనైడ్ విషం ఉంటుంది. కోసి వేసేటప్పుడు వయసు మనం చూసుకుంటాం, పశువును చేలోకి వదిలితే అది వెతికి వెతికి లేత పిలకనే కొరుకుతుంది.

సుబాబుల్ మంచి మేతే, అయితే దానిలోని మైమోసిన్ అనే విషపదార్థం కారణంగా మొత్తం పచ్చిమేతలో మూడో వంతు లోపే ఉంచాలి. వీటికంటే ముందు చూడవలసినవి గట్ల మీది విషపు మొక్కలు: తలంబ్రాల చెట్టు, గన్నేరు, ఆముదం, చెరువు వైపు లొట్టపీసు. మేత దండిగా ఉన్నప్పుడు పశువు వాటిని ముట్టదు, పచ్చిక బోడిదైన నాడే వాటి మీద నోరు పెడుతుంది. వయ్యారిభామ చేలో కనిపిస్తే పూత రాకముందే చేతితొడుగు వేసుకొని పీకించాలి, దాన్ని తిన్న పశువు పాలు చేదెక్కుతాయి.

మందు మొక్కలున్న పచ్చిక మేస్తే పురుగుల మందు తాగించనవసరం లేదంటున్నారు.

ఆ మాట నమ్మవద్దు. కొన్ని మొక్కల్లోని టానిన్లు అనే వగరు పదార్థాలు కడుపులోని పురుగులను కొంత అణచగలవు, కానీ అది చికిత్స కాదు. చెరువు అంచుల్లో, వరి మళ్ల గట్ల మీద మేసిన పశువుకు వచ్చే జలగ వ్యాధి, కార్జపు జలగలు ఏ పచ్చికకూ లొంగవు. పేడ పరీక్ష చేయించి, పశువైద్యుడు చెప్పిన మందును చెప్పిన మోతాదులో తాగించాలి. పచ్చికను పాళ్లుగా మార్చి మేపడం, తడి పల్లాల నుంచి పశువును దూరంగా ఉంచడం వల్ల పురుగుల బెడద తగ్గడం మాత్రం వాస్తవం.

బర్రెలకు కూడా ఈ పచ్చిక పనికొస్తుందా?

పనికొస్తుంది. ఆవు కంటే బర్రె ముతక మేతను బాగా జీర్ణం చేసుకుంటుంది, అంజన్ కాస్త ముదిరినా తింటుంది. దానికి కావలసినవి నీడ, నీళ్లు. అవి దగ్గరలో లేని చేలో పదిన్నర దాటితే మేయడం మాని నిలబడిపోతుంది. పచ్చిమేత బాగా తిన్న ఆవు పాలు పసుపు తేలతాయి గాని బర్రె పాలు తెల్లగానే ఉంటాయి, రంగు మారలేదని మేతను తప్పుపట్టవద్దు.

పచ్చిక ఉంటే దాణా మానేయవచ్చా?

పూటకు రెండు మూడు లీటర్లిచ్చే పశువుకు చాలావరకు తగ్గించవచ్చు, అంతకు మించి ఇచ్చేదానికి మానకూడదు. మంచి పప్పుజాతి పచ్చిమేత పది కిలోలు ఒక కిలో దాణాకు సాటి వస్తుందన్నది పాడి రైతుల వాడుక లెక్క. దాణాను ఒక్కసారిగా ఆపకుండా, వారానికి అరకిలో చొప్పున తగ్గిస్తూ పాలను కొలుచుకోవాలి. పాలు జారిన చోట ఆగాలి. రోజుకు 50 గ్రాముల ఖనిజ మిశ్రమం, చారెడు ఉప్పు ఏ కాలంలోనూ తప్పనివి.

పచ్చికను ఎన్నేళ్లు ఉంచాలి? తరువాత ఏ పంట వేయాలి?

అంజన్, స్టైలో పచ్చిక రెండో ఏటి నుంచి నిండుకొని, నాలుగో ఏటికి గడ్డి వాటా పెరిగి పప్పుజాతి తగ్గుతుంది. అప్పుడు దున్నేయాలి. వేసవి జల్లులకు దున్ని, దుబ్బులు ఎండనిచ్చి, మొదటి పంటగా జొన్న, సజ్జ, ఆముదం వంటి నత్రజనిని వాడుకొనే పైరు వేస్తే పచ్చిక ఇచ్చిన బలం కనిపిస్తుంది. కంది, శనగ వేసేవారు ఆ బలాన్ని వృథా చేసినట్టే, వాటి నత్రజనిని అవే తెచ్చుకుంటాయి.

కంచె లేకపోతే కుదరదా?

కుదరదు. వేసవిలో చుట్టూ నేల ఎర్రగా ఎండి ఉన్నప్పుడు మీ చేను ఒక్కటే పచ్చగా ఉంటే, ఊరి గొర్రెల మంద దాని మీదికి రాకుండా ఆపడం ఎవరి తరమూ కాదు. గొర్రె, మేక నేలకంటా కొరుకుతాయి కాబట్టి మొదటి ఏటి స్టైలో ఒక్క పూటలో పోతుంది. ముళ్ల తీగ ఖర్చు భరించలేనివారు సర్కారు తుమ్మ మండలతో కంప వేసుకోవచ్చు, అయితే కాయలు లేని మండలే వాడాలి. కాయలున్న కంప వేస్తే పశువులు ఆ తియ్యటి కాయలను తిని పేడతో గింజలను చేనంతా చల్లుతాయి, మూడో ఏటికి పచ్చిక స్థానంలో తుమ్మ అడవి ఉంటుంది. మందల వాళ్లతో ముందే మాట్లాడి, స్టైలో గింజ రాలి, ఆకు ఎండిన తరువాత పది రోజులు వారికి మేపుకోనిస్తామని ఒప్పుకుంటే, మిగతా ఏడాదంతా వారే మన చేనుకు కావలి ఉంటారు. మా ఊళ్లో నేను చేస్తున్నది ఇదే, ఆ పది రోజుల గొర్రెల ఎరువు కూడా చేనుకే మిగులుతుంది.